నొప్పి తగ్గిన తర్వాతే అసలు జాగ్రత్త

(నోటి నిండా పంటి ఇంప్లాంట్లు వేయించుకున్నవారి కుటుంబ సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

నేను దంత విభాగంలో నర్సును. ఆపరేషన్ గురించి డాక్టరుగారు మీకు వివరంగా చెప్పారు. ఇంటికి వెళ్ళాక చేయవలసిన పనుల గురించి నన్ను చెప్పమన్నారు. మా అమ్మకు కూడా ఇదే ఆపరేషన్ జరిగింది కాబట్టి, నర్సుగా తెలిసినవే కాక కూతురిగా నేను చేసిన తప్పు కూడా మీ ముందు పెడతాను.

ముందుగా ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. ఇంప్లాంటు అంటే టైటానియం లోహంతో చేసిన చిన్న మర. దాన్ని దవడ ఎముకలో బిగిస్తారు. కింది దవడకు సాధారణంగా నాలుగు, పై దవడకు నాలుగు నుంచి ఆరు బిగించి, వాటి మీద పళ్ళ వరుస మొత్తాన్ని నిలబెడతారు. స్వీడన్‌లో బ్రనెమార్క్ అనే డాక్టరుగారు 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇలాంటివి అమర్చారు. ఆ రోగి 2006లో చనిపోయేవరకు, అంటే 40 ఏళ్ళకు పైగా, అవి ఆయన నోట్లో పనిచేశాయి. కారణం టైటానియాన్ని ఎముక తనలో కలుపుకోవడమే. అయితే అలా కలుపుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే ఆ రోజుల్లో మరలను చిగురు కింద మూడు నుంచి ఆరు నెలలు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే పళ్ళు పెట్టేవారు.

ఇప్పుడు చాలామందికి అదే రోజునో, రెండు మూడు రోజుల్లోనో తాత్కాలికంగా పళ్ళు బిగించి పంపుతున్నాము. ముఖం నిండుగా కనిపిస్తుంది, మాట వస్తుంది. కానీ చిక్కంతా అక్కడే. అద్దంలో పళ్ళు కనిపించేసరికి నమలవచ్చు అనుకుంటారు. ఆ పళ్ళు చూడటానికి, మాట్లాడటానికి, మెత్తటి అన్నం తినటానికి మాత్రమే.

మొదటి మూడు రోజుల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. వీటివల్ల గడ్డకట్టిన రక్తం కదిలి మళ్ళీ కారుతుంది. ఉమ్మిలో కొంచెం ఎర్రగా కనిపిస్తే భయపడవద్దు. చుక్క రక్తం కూడా ఉమ్మిలో కలిస్తే చాలా కనిపిస్తుంది. తడి గాజుగుడ్డ అరగంట పాటు గట్టిగా కరిచి పెట్టించండి. అప్పటికీ ఆగకపోతే ఫోను చేయండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి బుగ్గ మీద 20 నిమిషాలు పెట్టి, 20 నిమిషాలు తీయండి. రెండు దిండ్లు వేసి తల ఎత్తుగా పడుకోబెట్టండి. వాపు రెండో రోజు, మూడో రోజు పెరుగుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇదేమిటి, ఇలా వాచింది, సెప్టిక్ అయిందేమో" అంటారు. మూడో రోజు వరకు పెరిగి తర్వాత తగ్గే వాపు మామూలే. పెద్ద వయసువారికి గడ్డం కింద, మెడ మీద నల్లగా, పసుపుగా కమిలినట్టు కనిపించడం కూడా మామూలే.

మరుసటి రోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి వదిలేయమనండి. గలగలా పుక్కిలించవద్దు. రాసిచ్చిన యాంటీబయాటిక్ చివరి మాత్ర వరకు వేయండి. నొప్పి మాత్రలు మాత్రం మేము రాసినవే వాడండి, పక్కింటివారికి పనిచేసిందని వేరేది తేవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొన్ని నొప్పి మాత్రలు ప్రమాదం. పై దవడకు చేయించుకున్నవారు రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

ఇక మా అమ్మ సంగతి. పది రోజులకు కుట్లు విప్పారు. వాపు లేదు, నొప్పి లేదు. రోజూ పప్పు మెదిపిన మెత్తటి అన్నం, పాలలో నానిన ఇడ్లీ, రాగి జావ. నాలుగో వారంలో సంక్రాంతి వచ్చింది. ఇంట్లో చేగోడీలు, జంతికలు వండారు. అమ్మ అడిగింది, "ఇంత ఖర్చు పెట్టి పళ్ళు కట్టించారు, పండుగపూట కూడా జావేనా?" అని. నేను నర్సునే, అయినా కాదనలేకపోయాను. నాలుగు చేగోడీలు నా చేత్తోనే పెట్టాను. ఏ నొప్పీ రాలేదు. దాంతో ఆ మూడు రోజులూ తింది. ఏడో వారంలో పరీక్షకు వెళితే ఎడమ వైపు వెనక ఇంప్లాంటు కదులుతోంది. అది తీసేయవలసి వచ్చింది. ఎముక మానేదాకా ఆగి మళ్ళీ వేశారు. అంటే ఇంకొక ఆపరేషన్, ఇంకొక ఖర్చు, ఇంకొక వేసవి అంతా జావ. చేగోడీల వల్లే అని ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరని డాక్టరుగారు అన్నారు. నాకు మాత్రం ఆ అనుమానం పోలేదు.

ఎందుకు ఇలా జరుగుతుంది? మర బిగించినప్పుడు దాన్ని పట్టుకుని ఉండేది పాత ఎముక. మానే క్రమంలో శరీరం ఆ పాత ఎముకను కొంత కరిగించి, కొత్తది పోస్తుంది. సుమారు మూడు, నాలుగు వారాల దగ్గర పాత పట్టు తగ్గి ఉంటుంది, కొత్త పట్టు ఇంకా రాదు. ఆపరేషన్ రోజు కంటే అప్పుడే మర బలహీనం. మనిషి మాత్రం హాయిగా ఉంటాడు. ఎముకకు నొప్పి చెప్పే గుణం తక్కువ. కాబట్టి రోగి మాటను బట్టి కాక క్యాలెండరును బట్టి నడవండి. డాక్టరు చెప్పే వరకు, మామూలుగా మూడు నెలల దాకా, ఫోర్కు వెనక భాగంతో నొక్కితే మెదిగేదే పెట్టండి. మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఉప్మా, పొరటు గుడ్డు, ముళ్ళు తీసిన చేప, బాగా ఉడికిన సొరకాయ, మగ్గిన అరటిపండు పెట్టవచ్చు. వేరుశనగలు, అప్పడాలు, మొక్కజొన్న పొత్తు, చెరకు, ఎముకల మటన్ వద్దు. ఆవకాయలో ముక్క తీసేసి ఊట కలిపితే సరిపోతుంది, అదీ పుండ్లు మానాక.

షుగరు ఉన్నవారి ఇళ్ళలో రెండు సంగతులు. షుగరు అదుపు తప్పితే ఎముక మానదు. అలాగని తిండి సగానికి తగ్గినప్పుడు మామూలు మోతాదు ఇన్సులిన్ వేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వండి. మోతాదు ఎంతో ముందుగానే అడిగి రాయించుకోండి. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, మొదలుపెట్టవద్దు. బీడీ, సిగరెట్టు, చుట్ట, గుట్కా, వక్క మానాలి. మన కోస్తా జిల్లాల్లో అమ్మమ్మలు అడ్డపొగ తాగుతారు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. వారి నోట్లో ఇంప్లాంటు నిలవడం ఇంకా కష్టం. సిగ్గుపడి దాచితే నష్టపోయేది వారే, మాకు చెప్పండి.

మత్తు దిగి ఒక రోజు గడిచినా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే అది నరానికి సంబంధించినది, వెంటనే తెలియజేయండి. మూడో రోజు తర్వాత వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా, నోరు తెరుచుకోకపోయినా తీసుకురండి. మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా రాత్రి పూట అయినా సరే ఆగవద్దు. పళ్ళ వరుస కదిలినా, విరిగినా ఆ ముక్క తీసుకుని రండి. ఒకాయన ఇంట్లో ఫెవిక్విక్‌తో అంటించుకుని వచ్చారు. అది తీయడానికి మాకు ఒక పూట పట్టింది.

మొదట్లో స, శ సరిగా పలకవు. రోజూ పేపరు పైకి చదివించండి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పిల్లలు వెక్కిరించకుండా చూడండి, ఆ మాట పెద్దవారికి చాలా గుచ్చుకుంటుంది.

ఇక్కడ రేపు ఆపరేషన్ ఉన్నవారు ఇద్దరు ఉన్నారని విన్నాను. పొద్దున వచ్చేటప్పుడు రాగి జావ పల్చగా కాచి, పూర్తిగా చల్లార్చి, డబ్బాలో తెచ్చుకోండి. ఒక చిన్న చెంచా కూడా తెచ్చుకోండి. స్ట్రా మాత్రం తేవద్దు.