సింగపూరులో మా ఇద్దరి ఒక రోజు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశయాత్ర గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. 2023లో మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలు చేస్తున్న సింగపూరుకు వెళ్లి కొన్నాళ్లున్నాం. చూసినదంతా చెబితే మీకు భోజనాల వేళ దాటిపోతుంది. అందుచేత ఒక్కరోజు సంగతే చెబుతాను. ఆ రోజు పిల్లలిద్దరూ ఆఫీసులకు వెళ్లారు. మేమిద్దరం ఎవరి తోడూ లేకుండా ఊరు చూసి, మూడు పూటలా బయటే తిని వచ్చాం. అప్పటికి నాకు 73, మా ఆవిడకు 68. నాకు షుగరు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆ విషయం ముందే చెబుతున్నాను, ఎందుకంటే "మా వల్ల ఏమవుతుందండీ" అనే మిత్రులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు.

పొద్దున్నే మెట్రో ఎక్కాం. అక్కడ మెట్రో 1987లోనే మొదలైంది. పెట్టెల్లో తినకూడదు, తాగకూడదు, మంచినీళ్లు కూడా. తింటే జరిమానా. దురియన్ అని పనసకు దాయాది లాంటి పండు ఒకటుంది, దాని వాసనకు భయపడి అదీ తేవద్దని బొమ్మ వేసి పెట్టారు. పెద్దవాళ్లకు వేరే సీట్లున్నాయి. మమ్మల్ని చూసి ఒక కుర్రవాడు చెవుల్లో తీగలు తీయకుండానే లేచి నిలబడ్డాడు.

ఫారర్ పార్క్ స్టేషన్లో దిగి శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు వెళ్లాం. 1850లలో మొదలైన ఆలయం, 1978లో జాతీయ కట్టడంగా ప్రకటించారు. అక్కడి నుంచి సెరంగూన్ రోడ్డు వెంట నెమ్మదిగా నడిచాం. అక్కడి పాత దుకాణాల ముందు ఎండా వానా తగలకుండా వరుసగా వరండాలుంటాయి. 1822లో రాఫెల్స్ దొర ఊరికి ప్లాను వేయించినప్పుడే ప్రతి ఇంటి ముందూ వరండా వదలాలని నిబంధన పెట్టాడట. రెండు వందల ఏళ్లయినా ఆ నిబంధన వల్ల మా ఆవిడ మోకాళ్లకు మేలు జరిగింది. ఒక జీవో ఇంతకాలం పనికిరావడం నేను మరెక్కడా చూడలేదు.

కోమల విలాస్‌లో టిఫిను. 1947 నుంచి ఉన్న హోటలు. మసాలా దోసె, కాఫీ. మా ఊళ్లో తిన్నట్టే ఉందని నేనంటే, "అందుకోసం విమానం ఎక్కి రావాలా? మధ్యాహ్నం మాత్రం ఇక్కడి తిండే తినాలి" అంది మా ఆవిడ. సరేనన్నాను. అంగడిలో మూర మల్లెపూలు కొనుక్కుంది. అంగడివాడితో అరవంలో బేరమాడింది కూడాను. మాది చిత్తూరు జిల్లా, అరవం మాకు పెరటి భాష. సింగపూరు నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి కాబట్టి బోర్డులు చదవడానికీ ఇబ్బంది పడలేదు.

అక్కడి నుంచి మళ్లీ మెట్రోలో సిటీ హాల్ స్టేషనుకు వెళ్లాం. ఎదురుగా పడాంగ్ అనే పచ్చిక మైదానం. చూడటానికి మామూలు క్రికెట్ మైదానమే. కానీ 1943 జులై 5న సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజు గౌరవ వందనం స్వీకరించింది అక్కడే. మా చిన్నతనంలో ప్రతి క్షౌరశాలలోనూ మిలిటరీ దుస్తుల్లో నేతాజీ పటం ఉండేది. ఆ మైదానం అంచున నిలబడితే నాకు మాట రాలేదు. రోడ్డు దాటి ఎస్ప్లనేడ్ పార్కులోకి వెళితే ఫౌజు అమరవీరుల స్మారక స్థలం ఉంది. 1945 జులైలో నేతాజీయే శంకుస్థాపన చేశారు. అదే ఏడాది బ్రిటిష్ వాళ్లు తిరిగివచ్చి దాన్ని కూల్చివేశారు. 1995లో అక్కడి ప్రభుత్వం ఆ చోట గుర్తుగా ఒక చిన్న స్మారకం పెట్టింది. సింగపూరు వెళ్లే మనవాళ్లు సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. మేమూ దిగాం. కానీ దానికి నడక దూరంలోనే ఇదుంది, తప్పక చూడండి.

మధ్యాహ్నం లావ్ పా సాట్‌కు చేరాం. 1894లో పోత ఇనుప స్తంభాలతో కట్టిన ఎనిమిది మూలల మార్కెట్టు. ఇప్పుడు లోపలంతా తిండి దుకాణాలే. ఖాళీ బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ల ప్యాకెట్టు పెట్టి ఉంది. ఎవరో మరిచిపోయారనుకుంటారు మీరు. కాదు, అది ఆ బల్ల రిజర్వు అయిందని గుర్తు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి మనం వేసే తువాలన్నమాట!

చైనావాళ్ల శాకాహార దుకాణంలో పళ్లేల నిండా చేప ముక్కలు, కోడి కాళ్లు కనిపించి మా ఆవిడ వెనక్కి తగ్గింది. అన్నీ సోయాతో, గోధుమతో చేసినవేనని అంగడివాడు నవ్వుతూ చెప్పాడు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరట. "తిననివాళ్లకు ఆ ఆకారం ఎందుకు?" అని అన్నం, ఆకుకూర, సోయా పనీరు పెట్టించుకుంది. తర్వాత చెండోల్. కొబ్బరిపాలు, తాటిబెల్లం, బియ్యప్పిండితో చేసిన పచ్చని తీగలు, పైన ఐసు. నాకు రెండు చెంచాలు మంజూరయ్యాయి. మిగిలింది ఆమే తినేసింది.

తిన్న ట్రేలు మనమే తీసుకెళ్లి పెట్టాలి. 2021 నుంచి అది అక్కడ చట్టం. మా ఆవిడ ట్రే తీసుకెళితే, అక్కడ బల్లలు తుడిచే ముసలావిడ అందుకుంది. తమిళావిడ. "వయసెంత అక్కా?" అంటే, డెబ్బై ఒకటి అంది. "ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి, వచ్చే డబ్బు కూడా చాలదు" అని, "మీ ఆయన ఇంకా పని చేస్తున్నాడా?" అని అడిగింది. "మానేసి పదిహేనేళ్లయింది. నెల నెలా పింఛను వస్తుంది. ఆయన తర్వాత నాకూ కొంత వస్తుంది" అని మా ఆవిడ చెప్పింది. "పని చేయకుండానా?" అంది ముసలావిడ. "ముప్పై నాలుగేళ్లు చేశాక" అంది మా ఆవిడ.

నేను పక్కనే నిలబడి విన్నాను. అక్కడ 1955 నుంచి సెంట్రల్ ప్రావిడెంట్ ఫండ్ ఉంది. ఉద్యోగీ, యజమానీ కలిసి జమచేస్తారు. ముసలితనంలో అందులోంచే తీసుకోవాలి. తక్కువ జీతం వాడికి తక్కువ జమ, తక్కువ రాబడి. ఆ దేశాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ శుభ్రత, ఆ క్రమశిక్షణ మనకు ఉంటే బాగుండునని రోజూ అనుకున్నాను. కానీ పింఛను భిక్ష కాదు, చేసిన పనికి హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట విలువ నాకు ఆ ఎంగిలి ట్రేల దగ్గర తెలిసినట్టుగా మన పెన్షనర్ల దినోత్సవ సభల్లో ఎప్పుడూ తెలియలేదు. మన కుర్చీల్లో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన పిల్లలను కాంట్రిబ్యూటరీ పథకంలో వేశారు. వాళ్లు పాత పింఛను అడిగితే "మనకు వస్తోంది కదా" అని మనం ఊరుకోవడం నాకు నచ్చదు. వాళ్ల సభకు పిలిస్తే వెళదాం.

సాయంత్రం గార్డెన్స్ బై ద బే. 2012లో తెరిచారు. పాతిక నుంచి యాభై మీటర్ల ఎత్తున ఇనుముతో చెట్లు నిలబెట్టి వాటికి నిజం తీగలు పాకించారు. చీకటి పడ్డాక వాటికి రంగుల దీపాలు, సంగీతం. దానికి టిక్కెట్టు లేదు. జనమంతా నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. మేమూ పడుకున్నాం. తర్వాత మా ఆవిడను లేపడానికి ఇద్దరు మలయ్ అమ్మాయిలు చెయ్యి కలిపారు.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. వీసాతో పాటు, ప్రయాణానికి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. మందులు సొంత పెట్టెలో, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. నిద్రమాత్రల్లాంటి కొన్నింటికి ముందే అనుమతి కావాలి. ప్రయాణ బీమా తప్పకుండా చేయించుకోండి. కుళాయి నీళ్లు తాగవచ్చు కాబట్టి ఖాళీ సీసా వెంట ఉంటే చాలు. అప్పుడు డాలరు సుమారు 60 రూపాయలు. ఆ రోజు ఖర్చంతా నా చిన్న పుస్తకంలో రాసి ఉంది. కావలసినవారు భోజనాల దగ్గర అడగండి, చూపిస్తాను. సెలవు.