కోళ్ల పెంటకు లెక్క కట్టేదెవరు?

(ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు, సంగారెడ్డి పట్టీల కాలుష్యం అంటే మనకు నక్కవాగే యాదికొస్తది. 1990లోనే ఆ గోస సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇయ్యాల నేను ఫ్యాక్టరీ నీళ్ల ముచ్చట చెప్పను. ఆ ఫ్యాక్టరీల వెనక పల్లెల్ల కోళ్ల షెడ్లున్నయి. వాటిల పేరుకునే పెంట గురించి మాట్లాడుత. ఇది ముక్కు మూసుకుని పోయే సంగతి కాదు, పైసల సంగతి.

బ్రాయిలర్ కాంట్రాక్టు ఎట్ల నడుస్తదో మీకు తెలుసు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, కష్టం రైతువి. కోడి బరువు చూసి కిలోకు ఇంత అని కూలి ఇస్తరు. రైతు నాది అని చెప్పుకునేటందుకు మిగిలేది ఆ పెంటే. దానికి కింద పరిచే ఊక రైతే కొనాలె. అదే ఊక కోసం ఇటుక బట్టీలు, బాయిలర్లు పోటీకొస్తయి. కొనేటప్పుడు ధర రైతు చేతిల లేదు. అమ్మేటప్పుడు ఉన్నదా?

లెక్క చూద్దాం. ఎండిన బ్రాయిలర్ పెంటల నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం రెండున్నర శాతం. అంటే టన్నుకు 30 కిలోల నత్రజని, 25 కిలోల భాస్వరం. 50 కిలోల డీఏపీ బస్తాల భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాల నత్రజని 21 కిలోలకు దగ్గర. టన్ను పెంట అంటే ఒక డీఏపీ బస్తా, ఒక యూరియా బస్తా అన్నట్టు. డీఏపీ 1,350, యూరియా 266 రూపాయల 50 పైసలు. కలిపితే పదహారు వందల పైచిలుకు. అదీ సర్కారు సబ్సిడీ పోయినంక ధర. పొటాష్, జింకు ఇంకా లెక్కల కలపలేదు. మన మెట్ట నేలల్ల జింకు, గంధకం, బోరాన్ తక్కువున్నయని పటాన్‌చెరులనే ఉన్న ఇక్రిశాట్ పరీక్షలు చేసి చెప్పింది. పెంట సారమంతా ఒక్క పంటకే అందదు, నిజమే. మిగిలింది వచ్చే పంటకు పనికొస్తది.

మరి అమ్మేదెట్ల? ట్రాక్టరుకు ఇంత అని. తూకం లేదు, పరీక్ష లేదు. తడిసిన పెంటల సగం బరువు నీళ్లదే. అందుకే దూరం పోతే కిరాయే మింగుతది. నిప్పుల్ కారి ఊక తడిస్తే ఇంకో నష్టం. షెడ్ల అడుగు పెట్టంగనే కండ్లు మండుతయి చూడండి, ఆ అమోనియా పెంటల నత్రజనే. గాలిల కలిసేది రైతు పైసలు. ఊరికి మిగిలేది ఈగలు, వాసన, పంచాయితీ.

పెంటను కప్పు కింద, నీళ్లు ఇంకని నేల మీద పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 మార్గదర్శకాల్ల చెప్పింది. మంచిదే. ఆ కప్పుకు పైసలెవరివి? గోబర్‌ధన్ ప్లాంట్లల్ల తయారయ్యే సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సాయమని 2023ల కేంద్రం నిర్ణయించింది. షెడ్డు పక్కన కుప్ప పోసి, మక్కబెట్టి అమ్మే రైతుకు అందుల వాటా లేదు. యూరియాకు సబ్సిడీ ఉన్నది, ప్లాంటుకు సాయమున్నది, నడుమ ఈయనే ఎందుకు లేడు?

వ్యవసాయ శాఖల పనిచేసే మిత్రులున్నరు, కెమిస్ట్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లున్నరు. పది షెడ్ల నుంచి నమూనాలు తెద్దాం. తేమ ఎంత, నత్రజని ఎంత, భాస్వరం ఎంత అని చూసి, పంచాయతీ గోడ మీద రాద్దాం. బేరానికొచ్చేటోడు ముందు ఆ గోడ చదవనీ.