ఆకాశంలో మల్బా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాను, ఏటా మీరు ఓపికగా వింటున్నారు. ఈసారి ఒక పాఠమే చెప్పి పోతాను. మధ్యలో ఉర్దూ మాటలు దొర్లితే ఏమనుకోవద్దు, అది నా వృత్తి దోషం.

2024 డిసెంబరు 30 రాత్రి మనలో చాలామంది మిద్దెలెక్కి శ్రీహరికోట వైపు చూశాం. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని, మా మిద్దె మీద నుంచి కనబడే రాకెట్టును ఏ జిల్లా వాళ్లూ ఆపలేదు. అది 9.58కి లేవాలి. లేవలేదు. పది గంటలకు లేచింది. "ఈ రెండు నిమిషాలు ఎందుకు సార్, పైన సిగ్నల్ పడిందా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. వాడు వేళాకోళానికి అన్నా అసలు సంగతి అదే. దారిలో అడ్డు తగలకుండా ఆగారు. 2023 జూలై 30న లేచిన పీఎస్‌ఎల్‌వీని కూడా ఇందుకే ఒక నిమిషం ఆపారు.

ఏమిటా అడ్డు? పని అయిపోయిన ఉపగ్రహాలు, రాకెట్ల పై దశలు, అవి పేలగా, గుద్దుకోగా వచ్చిన ముక్కలు. మా ఉర్దూ పుస్తకాల్లో ఉపగ్రహాన్ని మస్నూయీ సయ్యారా అంటారు, ఈ చెత్తను ఖలాయీ మల్బా అంటారు. మల్బా అంటే మీకు తెలుసు, పాత ఇల్లు పడగొడితే వీధిలో పోసేది. సెంటీమీటరు కంటే పెద్ద ముక్కలే 12 లక్షలకు పైగా ఉంటాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. అవి సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు పోతాయి. నెల్లూరు నుంచి మద్రాసుకు అర నిమిషం లోపే అన్నమాట. ఆ వేగంలో గోలీకాయంత ముక్క తగిలినా ఉపగ్రహం పనికి రాకుండా పోతుంది.

మనకేమిటి అంటారా? చేపలు ఎక్కడ దొరుకుతాయో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మన తీరం వాళ్లకు చెబుతుంది. సముద్రపు రంగు, నీటి వేడి ఉపగ్రహం చూసి చెబితేనే ఆ సమాచారం. అలాంటి ఓషన్‌శాట్-3ని 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచే పంపారు. అది తిరిగేది సుమారు 740 కిలోమీటర్ల ఎత్తున. చెత్త బాగా పేరుకున్నది కూడా దాదాపు ఆ ఎత్తులోనే. తుఫాను వస్తే ముందుగా చెప్పేదీ ఉపగ్రహాలే.

ఇందులో మన తీరం వాటా కూడా ఉంది, దాచుకోనక్కర లేదు. 2001 అక్టోబరు 22న ఇక్కడి నుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 తన పని తాను చేసింది. కాని దాని నాలుగో దశలో కొంత ఇంధనం మిగిలిపోయింది. రెండు నెలలు కాకముందే, డిసెంబరు 19న, అది పైనే పేలి 300కు పైగా ముక్కలైంది. చాలావరకు రాలి కాలిపోయాయి. కొన్ని పదుల ముక్కలు 2023 చివరికి కూడా తిరుగుతూనే ఉన్నాయి. ఆ పేలుడు తరువాత మన వాళ్లు పని కాగానే మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేయడం నేర్చుకున్నారు.

ఇక ఊడ్చే సంగతి. 2018లో బ్రిటన్ వాళ్లు పైన ఒక వల విసిరి చూశారు, మన మైపాడు జాలర్ల లాగే. పట్టింది మాత్రం తాము వదిలిన చేపనే. 2024లో జపాను కంపెనీ ఒకటి తమ దేశపు పాత రాకెట్ దశ దగ్గరికి 15 మీటర్ల దాకా పోయింది. ఆ డిసెంబరు రాత్రి ఆలస్యంగా లేచిన మన రాకెట్టులో కూడా ఒక మర చెయ్యి ఉంది. తాడు కట్టిన ముక్కను కెమెరాతో చూసి, అది ఎటు కదలబోతున్నదో లెక్కగట్టి పట్టుకోవడం దాని పని. తిరువనంతపురం వాళ్ల తయారీ. ఇవన్నీ మంచివే. కాని ఒక్కొక్క ముక్క కోసం ఒక రాకెట్టు పంపాలంటే ఏ దేశం ఖజానా సరిపోతుంది? నాకు ఇంతకంటే గొప్పగా తోచింది వేరే పని ఉంది.

మేఘా-ట్రోపిక్స్ అని ఫ్రాన్సుతో కలిసి 2011లో ఇక్కడి నుంచే పంపిన ఉపగ్రహం. పని అయిపోయేటప్పటికి దానిలో సుమారు 125 కిలోల ఇంధనం మిగిలింది. 2001లో పేలింది ఇటువంటి మిగులే కదా! ఈసారి అదే ఇంధనాన్ని బ్రేకుగా వాడారు. పోయే దిక్కుకు ఎదురుగా ఇంజను మండిస్తే వేగం తగ్గుతుంది, కక్ష్య కిందికి జారుతుంది, గాలి తగిలి కాలిపోతుంది. విడతలు విడతలుగా దింపి 2023 మార్చి 7న పసిఫిక్ సముద్రం మీద ముగించారు. 2024 జనవరి 1న పోయిన రాకెట్టు నాలుగో దశనైతే 650 నుంచి 350 కిలోమీటర్లకు దించి, మిగిలిన ఇంధనం తీసేసి, దాని మీదే కొన్నాళ్లు ప్రయోగాలు చేసుకున్నారు. మార్చి 21న అది రాలిపోయింది. 2030 నాటికి మన దేశపు ప్రయోగాలేవీ చెత్త మిగల్చకూడదని ఇస్రో గడువు పెట్టుకుంది. ప్రైవేటు కంపెనీలకూ ఇదే లెక్క. వాళ్లు వింటారో లేదో చూడాలి.

1979 జూలైలో స్కైలాబ్ పడుతుందని మన పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని అబ్బాజాన్ నవ్వుతూ చెప్పేవారు. దాని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. 2023 జూలైలో అదే పశ్చిమ ఆస్ట్రేలియా ఒడ్డుకు పెద్ద పీపా లాంటిది కొట్టుకొచ్చింది. పీఎస్‌ఎల్‌వీ మూడో దశదే కావచ్చునని అక్కడి సంస్థ చెప్పింది. అంటే అప్పుడు భయపడింది మనం, ఇప్పుడు ఒడ్డున నిలబడి వింతగా చూసింది వాళ్లు.

సదర్ సాహెబ్ గారికి ఒక మనవి. శ్రీహరికోటలో 2019 నుంచి జనం కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీ ఉంది. ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. సంఘం ఒక బస్సు ఏర్పాటు చేస్తే పిల్లల పేర్లు నేను నమోదు చేయిస్తాను, ఆడపిల్లల పేర్లు కూడా ఇవ్వండి. రాకెట్టు లేవగానే చప్పట్లు కొట్టి వచ్చేయకుండా, "దీని నాలుగో దశ ఎప్పుడు దిగుతుంది?" అని అక్కడి వారిని అడగమని మా తరగతికి అప్పుడే చెప్పి ఉంచాను. పేర్లు వచ్చే జుమా లోపల ఇవ్వగలరు. సెలవు.