వైజాగ్ టు కాకినాడ ఒక్కరోజు డ్రైవ్: మా ప్లాన్‌లో తప్పులు, మీకు పనికొచ్చే ప్లాన్

నేను మాట్లాడేది న్యాల్‌కల్ నుంచి. తెలియనివాళ్లకి చెప్తా, మాది సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ పక్కన. ఇంకొంచెం ముందుకు పోతే బీదర్, అంటే కర్ణాటక. చెరుకు, కంది, జొన్న పండే ఊర్లు. సముద్రానికీ మాకూ ఏ సంబంధం లేదు అనుకుంటారు కదా? నేను కూడా అట్లనే అనుకున్నా.

కానీ ఒకసారి మ్యాప్ తీసి చూడండి. జహీరాబాద్ మీదుగా పోయే నేషనల్ హైవే 65 పుణెలో మొదలై హైదరాబాద్, విజయవాడ దాటి మచిలీపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఆగుతుంది. మా మండలం అంచున రాఘవపూర్ దగ్గర పారే మంజీర కూడా చివరికి పోయేది సముద్రానికే. రోడ్డూ పోతుంది, నీళ్లూ పోతాయి. మా నాయనమ్మ మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా సముద్రం చూడలేదు. "ఒక్కసారి సముద్రంల కాలు పెట్టాలె బిడ్డా" అని ఎన్నో ఏళ్లుగా అంటోంది. పోయిన డిసెంబర్‌లో ఆ పని పెట్టుకున్నాం. ప్లాన్ నాదే. తప్పులూ నావే. అందుకే ఈ ఎపిసోడ్.

మేం ఆరుగురం. నాయనమ్మ, నాయిన, అమ్మ, చెల్లె, మా బాబాయ్ కొడుకు, నేను. హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వైజాగ్‌లో దిగాం. ఆ రోజు అక్కడే ఉన్నాం. కురుసుర సబ్‌మెరైన్ చూశాం. 2001లో నేవీ దాన్ని పక్కన పెట్టింది, 2002 నుంచి అది ఆర్కే బీచ్‌లో మ్యూజియం. సాయంత్రం బీచ్‌కి పోతే జనం చాలామంది ఉన్నారు. నాయనమ్మ మోకాళ్లతో ఇసుకలోకి దిగలేకపోయింది. గట్టు మీద కూర్చొని దూరం నుంచే చూసింది. "సరే పా, చూసిన గానీ తాకలే" అంది. నేను ధైర్యంగా మాటిచ్చేశా: "రేపు కాకినాడ దాకా దారి పొడుగునా సముద్రమే నాయనమ్మా, ఎక్కడంటే అక్కడ దిగుదువు గానీ."

ఇదే నా మొదటి తప్పు. ఫ్రెండ్స్, జాగ్రత్తగా వినండి. వైజాగ్, కాకినాడ రెండూ సముద్రం ఒడ్డున్న సిటీలే. మధ్యలో సుమారు 160 కిలోమీటర్లు. కానీ రెండింటినీ కలిపే మెయిన్ రోడ్డు, నేషనల్ హైవే 16, సముద్రం పక్కన పోదు. అనకాపల్లి, ఎలమంచిలి, నక్కపల్లి, తుని, అన్నవరం, అన్నీ లోపలి ఊర్లు. బెల్లం మార్కెట్ కనిపిస్తుంది, కొండలు కనిపిస్తాయి, కొబ్బరి తోటలు కనిపిస్తాయి. సముద్రం మాత్రం కనిపించదు. అనకాపల్లి దాటాక నాయనమ్మ అడగడం మొదలుపెట్టింది, "నిన్నటి సముద్రం ఏడ వోయింది బిడ్డా?" అని. పది నిమిషాలకోసారి అదే ప్రశ్న. చెల్లె అయితే నవ్వి నవ్వి పడిపోయింది. నాకు మాత్రం చెమటలు.

రెండో తప్పు, టైమ్. కాకినాడ బీచ్‌లో సన్‌సెట్ చూసి రీల్ తీయాలని నా ప్లాన్. సూర్యుడు సముద్రంలో మునిగిపోతుంటే నాయనమ్మ అలల్లో నిలబడాలి, అదీ సీన్. అందుకే పొద్దున ఏ తొందరా పడకుండా పదిన్నరకి బయల్దేరాం. మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మనది తూర్పు తీరం! సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, మునిగేది మాత్రం ఊరి వైపు. మనం చూసే సన్‌సెట్ రీల్స్ చాలావరకు గోవావి, పడమటి తీరానివి. చిన్నప్పుడు సోషల్‌లో చదువుకున్న ముక్కే ఇది. రీల్స్ చూసి చూసి మర్చిపోయా.

మూడో తప్పు చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం గొంతు పట్టేస్తుంది. నాయనమ్మ పోరు పడలేక, హైవే నుంచి ఎడమవైపు తిరిగి ఒక చిన్న బీచ్‌కి పోదామని డ్రైవర్ అన్నకి చెప్పా. బీచ్ పేరు చెప్పను, తప్పు ఆ ఊరిది కాదు. ఫోన్‌లో ఫొటోలు బాగున్నాయి, అంతే. అక్కడికి పోతే జనం లేరు, బోర్డు లేదు, లైఫ్‌గార్డ్ లేడు. ఒక పెద్దాయన మాత్రం వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

మా బాబాయ్ కొడుకు మా ఊరి బావుల్లో ఈత నేర్చినోడు. గడ్డ మీంచి దూకి అడుగున మట్టి తీసుకొచ్చే రకం. కారు ఆగడమే ఆలస్యం, చొక్కా విప్పి పరిగెత్తాడు. పక్కన అలలు పెద్దగా పడుతున్నాయి, ఒక్కచోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా, చెరువులా ఉన్నాయి. తెలివిగా ఆలోచించి అక్కడే దిగాడు. నడుం లోతు దాకా పోయాడు. అప్పుడు ఆ పెద్దాయన వల పడేసి లేచి ఒకటే అరుపు: "ఓ బాబూ, అటెల్లకు! అక్కడ కెరటం ఇరగట్లేదు సూడు, అక్కడే లాగేస్తాది!"

మావాడు వెనక్కి తిరిగాడు. అడుగు వేస్తున్నాడు గానీ ముందుకు రావట్లేదు. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. ఒక నిమిషం అట్లనే ఉన్నాడు. ఆ పెద్దాయన చేత్తో పక్కకి, పక్కకి అని సైగ చేశాడు. వాడు ఒడ్డుకి ఎదురుగా కాకుండా పక్కకి జరుగుతూ పోయి, అలలు విరిగే చోటికి చేరాడు. అక్కడ అలే వాణ్ణి ఒడ్డుకి తోసింది. వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. అమ్మ ఏడుపు. నాయిన వాణ్ణి కొట్టబోయి, కొట్టలేక, దగ్గరికి తీసుకున్నాడు. నాయనమ్మ కారులోంచి దిగనే లేదు. "పోదాం పా" అంది. తాకకుండానే బయల్దేరాం.

తర్వాత దీని గురించి చదివా. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోవాలి కదా. అవి ఒకే సందులోంచి వేగంగా లోపలికి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ సందులో అల విరగదు కాబట్టి మన కంటికి అదే సేఫ్‌గా కనిపిస్తుంది. బావి నీళ్లు నిలబడి ఉంటాయి, సముద్రం నీళ్లు నడుస్తూ ఉంటాయి. బావిలో ఎంత ఈత వచ్చినా ఇక్కడ లెక్కకి రాదు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. చేతకాకపోతే తేలుతూ చేయి పైకెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకొద్దు. తాడో, ఖాళీ క్యానో, ఏదైనా తేలేది విసరాలి, 112కి ఫోన్ చేయాలి. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక బీచ్‌లో ఇంజినీరింగ్ స్టూడెంట్స్ కొట్టుకుపోయి చనిపోయారు. వాళ్లూ మన వయసు వాళ్లే. టోల్ ఎంత, టిఫిన్ ఎక్కడ, రీల్ ఎక్కడ అని అంతా రాసుకున్నా నేను. ఈ ఒక్కటి రాసుకోలేదు.

సరే, ముందుకు పోదాం. అన్నవరంలో ఆకులో పెట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం తిన్నాక అందరికీ కొంచెం ప్రాణం వచ్చింది. కత్తిపూడి దగ్గర హైవే 16 వదిలి 216 ఎక్కాం, పిఠాపురం వచ్చాం. అక్కణ్ణుంచి నేరుగా కాకినాడ పోవచ్చు. మేం మాత్రం ఎడమకి తిరిగి ఉప్పాడ పోయాం. జామ్‌దానీ చీరల ఊరు. ఉప్పాడ నుంచి కాకినాడ దాకా బీచ్ రోడ్డు. ఎట్టకేలకు రోడ్డు పక్కనే సముద్రం! కానీ అప్పటికే చీకటి పడుతోంది. సూర్యుడు మా వెనక పిఠాపురం వైపు మునిగిపోయాడు. సముద్రం వైపు అంతా బూడిద రంగు.

ఉప్పాడలో సముద్రం భూమిని తినేస్తోంది. ఏళ్ల తరబడి ఇళ్లు పోతున్నాయి, తుపాను వచ్చినప్పుడల్లా ఈ రోడ్డు దెబ్బతింటోంది. ఆపడానికి పెద్ద పెద్ద రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియో ట్యూబులు వేశారు. మనకి రీల్‌లో అందంగా కనిపించే ఆ అల అక్కడి వాళ్లకి గోడ మీద పడే దెబ్బ. కాబట్టి ఆ రాళ్లెక్కి సెల్ఫీలు తీయకండి. రాళ్ల మీంచి నాయనమ్మ ఎట్లా దిగుతుంది? ఆ రోజు కూడా తాకలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికే కాకినాడ బీచ్‌కి పోయాం. ఒక లెక్క చెప్తా. మా న్యాల్‌కల్ కన్నా కాకినాడ సుమారు నాలుగున్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే మా ఊరికన్నా పావుగంట పైనే ముందు తెల్లారుతుంది. నాయిన ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకున్నాం. చీలమండల దాకా నీళ్లు వచ్చాయి. నాయనమ్మ వంగి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకొని, "నిజంగనే ఉప్పుగుంది" అని నవ్వింది. వీడియో తీయడం మర్చిపోయా.

తర్వాత యానాం రోడ్డులో కోరంగి మడ అడవులకి పోయాం. చెక్క వంతెన మీద నాయనమ్మ మెల్లగా నడిచింది. అక్కడ నాయిన ఒక మాట అన్నాడు. మన మంజీర సింగూరు, నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. అందులో గౌతమి పాయ యానాం పక్క నుంచి పోయి సముద్రంలో కలిసేది ఇక్కడే. "అంటే మన ఊరి నీళ్లు ఈడికి ముందే వచ్చినయా?" అంది నాయనమ్మ. అంతే, వంతెన రెయిలింగ్ పట్టుకొని చాలాసేపు నిలబడింది.

ఇప్పుడు మీ ప్లాన్. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, వైజాగ్‌లో పొద్దున ఆరు లోపే బయల్దేరండి. హైవే మీదే పోతే మూడు, మూడున్నర గంటలు. ఆగుతూ పోతే రోజంతా. వైజాగ్ నుంచి కాకినాడ వైపే పోండి. అప్పుడు ఉప్పాడ రోడ్డులో సముద్రం మీ ఎడమ పక్కన ఉంటుంది, రోడ్డు దాటే పని లేదు.

రెండు, దారిలో రెండే స్టాపులు పెట్టుకోండి. ఒకటి ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు. రెండోది అన్నవరం. మధ్యాహ్నం రెండు, మూడు కల్లా ఉప్పాడలో ఉండండి. వెలుతురులో సముద్రం చూడొచ్చు, నేతగాళ్ల మగ్గాలూ చూడొచ్చు. సూర్యోదయం మర్నాడు కాకినాడలో.

మూడు, సీజన్. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టింది 2014 అక్టోబర్ 12న. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి బాగుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. రేవుల్లో బోట్లు వేటకి పోవు, సందడి ఉండదు. బయల్దేరే ముందు రోజు ఇన్‌కాయిస్ సైట్‌లో అలల హెచ్చరికలు చూడండి. ఆ ఆఫీసు ఉన్నది ఎక్కడో తెలుసా? హైదరాబాద్‌లో. సముద్రం లేని మన దగ్గరే.

నాలుగు, కారు. సెల్ఫ్ డ్రైవ్ తీసుకుంటే మళ్లీ వైజాగ్‌లో అప్పజెప్పాలి, 160 కిలోమీటర్లు వెనక్కి. అందుకే వన్ వే ట్యాక్సీ మాట్లాడుకోండి. పసుపు నంబర్ ప్లేటు ఉన్న బండే ఎక్కండి. టోల్, డ్రైవర్ బత్తా కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. తిరుగు రైలుకి సామర్లకోట చూడండి. మెయిన్ లైన్ మీద ఉన్న స్టేషన్ అదే కాబట్టి ఎక్కువ రైళ్లు దొరుకుతాయి. హైవే మీద బండి ఆగిపోతే 1033.

ఐదు, జనం లేని బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు. ముందు అక్కడి జాలరిని అడగండి, "ఇక్కడ దిగొచ్చా అన్నా?" అని. ఆ ఒక్క ప్రశ్నకి డబ్బులు కావు.

మా బాబాయ్ కొడుకు ఈ వీడియోకి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. ఆ వల పెద్దాయన పేరు మేం అడగనే లేదు. కాజాల డబ్బా పట్టుకొని మళ్లీ ఆ ఊరు పోవాలి. ఈసారి పొద్దున్నే బయల్దేరి.

ఇంట్లో సముద్రం చూడని పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎవరున్నారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను, నమస్తే.