చిన్న ట్రాక్టరు: లాభనష్టముల విచారణ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

మన సంఘ వేదికపై సాధారణముగా కవిత్వమును గూర్చియో, సంగీత నాటకములను గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. ఈనాడు ట్రాక్టరును గూర్చి మాటాడుటకు నాకు అవకాశ మిచ్చిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. నేను ఇంజనీరును కాను. చరిత్ర చదువుకొని, సచివాలయమున దస్త్రములు చూచుకొనువాడను. అయినను మనలో పెక్కుమందికి స్వగ్రామమున నాలుగైదెకరముల భూమి కలదు. దానిని అన్నయో, తమ్ముడో, బావమరిదియో చూచుకొనుచుందురు. ఒకనాటి రాత్రి వారు టెలిఫోను చేసి, "చిన్న ట్రాక్టరొకటి తీసుకుందామనుకుంటున్నాం, నువ్వేమంటావు?" అని అడుగుదురు. ఆ ప్రశ్నలో అభిప్రాయ మడుగుట కొంత, ధన మడుగుట కొంత ఉండునని మనకు తెలియును. ఢిల్లీలో కూర్చుండి ఔననుట సులభము, కాదనుటయు సులభమే. కారణము తెలిసి చెప్పుట కష్టము. ఆ కష్టమును కొంత తగ్గించుటయే నా ఉద్దేశము.

ట్రాక్టరునకు మన కేంద్ర ప్రభుత్వముతో సంబంధము పాతది. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో మధ్య భారతమున కాన్సు అను మొండి గడ్డి బలిసి లక్షల ఎకరములు బీడు పడియుండెను. ఆ గడ్డిని వేళ్లతో పెకలించుటకు సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అను సంస్థ ఏర్పడినది. 1949లో ప్రపంచ బ్యాంకు మన దేశమునకు మొదట రైల్వేల కొరకు అప్పు ఇచ్చినది. రెండవ అప్పు, ఒక కోటి డాలర్లు, వ్యవసాయ యంత్రముల కొరకే. అవి పెద్ద భూములకు పెద్ద యంత్రములు. 1959లో ఫరీదాబాదు నుండి ఐషర్ ట్రాక్టరు వెలువడినది. దుర్గాపూరులోని కేంద్ర యాంత్రిక పరిశోధనాలయమున మన ఇంజనీర్లే రూపకల్పన చేసిన స్వరాజ్ ట్రాక్టరు 1974లో పంజాబున ఉత్పత్తికి వచ్చినది. దాని శక్తి ఇరువదియైదు అశ్వశక్తికి కొంచెము అటునిటుగా ఉండెను. సామాన్య రైతు నుద్దేశించి, పరాయి నమూనాపై ఆధారపడక చేసిన ఆ ప్రయత్నము మనము గర్వింపదగినది. ఇప్పుడు మన తెలుగు నేలపై జహీరాబాదులోనే చిన్న ట్రాక్టర్లు తయారగుచున్నవి. 2023 ఆగస్టున విడుదలయిన మహీంద్రా వారి ఓజా శ్రేణి అక్కడిదే.

చిన్న యంత్రముపై ఇంత దృష్టి ఏల? 2015–16 వ్యవసాయ గణన ప్రకారము మన దేశమున సగటు కమతము 1.08 హెక్టార్లు, అనగా మూడెకరములకు లోపు. కమతములలో నూటికి 86 చిన్న, సన్నకారు రైతులవి. అట్టి భూమికి 45 అశ్వశక్తుల యంత్రమును కొనుట, ఇద్దరున్న ఇంటికి కల్యాణమండపమును అద్దెకు తీసికొనుట వంటిది. అయితే చిన్న ట్రాక్టరు చిన్న రైతునకు దానంతట అదే లాభసాటి యగునా? ఇక్కడనే లెక్క అవసరమగుచున్నది.

మా తమ్ముడు అనంతపురము జిల్లాలో ఆరెకరములు సేద్యము చేయుచున్నాడు. నాలుగెకరములు చీనీ తోట, రెండెకరములు వేరుసెనగ. ఇరువది అశ్వశక్తుల చిన్న ట్రాక్టరును కొని మూడు సంవత్సరములు దాటినది. కొన్ననాటి నుండి ఒక నోటుపుస్తకమున తేది, గంటల మీటరు అంకె, చేసిన పని, పోసిన డీజిలు అను నాలుగు గడులు గీచి వ్రాయుమని కోరితిని. వాడు శ్రద్ధగా వ్రాయుచున్నాడు. నేను చెప్పబోవు అంకెలు ఆ పుస్తకము నుండి సరిచేసి గుండ్రముగా తీసికొన్నవి. మీ ఊరికి అంకెలు మారవచ్చును, పద్ధతి మారదు.

మొదట యంత్రమును చూచు విధమును చెప్పెదను. దుకాణమున అందరు చెప్పునది ఇంజను అశ్వశక్తి. కాని పొలమున పని చేయునది ఇంజను కాదు. ఒకటి వెనుక తిరుగు పి.టి.ఓ. ఇరుసు, రెండవది నేలను పట్టు చక్రము. రోటవేటరును, మందు కొట్టు పంపును త్రిప్పునది ఆ ఇరుసు. అది సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగవలెను. ఇంజను శక్తిలో పదవ వంతో, అంతకు కొంచెము ఎక్కువయో గేర్లలోనే ఖర్చగును. కనుక పి.టి.ఓ. శక్తి ఎంత అని అడుగవలెను. ఇక మడకను, ట్రాలీని లాగు బలము బరువును బట్టి వచ్చును. పెద్ద ట్రాక్టరు రెండు టన్నుల బరువుండగా చిన్నది ఆరేడు వందల కిలోల నుండి తొమ్మిది వందల వరకు ఉండును. ఇంజను ఎంత ఉరిమినను చక్రము జారినచో డీజిలు కాలును, దుక్కి సాగదు. అందుకే చిన్న ట్రాక్టర్లలో నాలుగు చక్రములకును శక్తి నందించునది కొంచెము ప్రియమైనను తడినేలలో మేలు. టైర్లలో నీరు నింపుట, ఇనుప బిళ్లలు తగిలించుట కూడ ఉపకరించును.

ఈ సంగతులను అమ్మువాని నోటనే వినవలసిన అగత్యము లేదు. మధ్యప్రదేశమున నర్మదా తీరమందలి బుద్నీలో 1955లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ప్రకటించుచున్నది. పి.టి.ఓ. శక్తి, ఇంధనపు ఖర్చు, లాగు బలము, హైడ్రాలిక్ ఎత్తు బలము, బ్రేకులు, చప్పుడు, అదురు – అన్నియు అందుండును. పరీక్ష ముగిసిన పిమ్మట యంత్రమును విప్పి భాగముల అరుగుదలను కూడ చూతురు. దస్త్రము చదువుట మన వృత్తి గదా! ఊరివారికి ఢిల్లీ నుండి మనము చేయదగిన మొదటి సహాయము ఆ నివేదికను చదివి, రెండు మూడు నమూనాలను పోల్చి, తెలుగున నాలుగు మాటలలో చెప్పుట. అనంతపురమునకు చేరువలో గార్లదిన్నెయందు కూడ కేంద్ర ప్రభుత్వమువారి దక్షిణ ప్రాంత యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ట్రాక్టరు నడుపుట, మరమ్మతు నేర్వగోరువారికి అది అందుబాటులోని విద్యాలయము.

ఇప్పుడు అసలు లెక్క. యంత్రము వెల 4,00,000 రూపాయలు, ఆయుర్దాయము పది సంవత్సరములు, ఆ పిమ్మట అమ్మిన 40,000 వచ్చుననుకొందము. అప్పుడు ఏటికి తరుగుదల 36,000. పెట్టుబడి సగటున 2,20,000. దానిపై నూటికి పది చొప్పున వడ్డీ 22,000. భీమా, కొట్టము మొదలగు వానికి 8,000. మొత్తము 66,000. ట్రాక్టరు కదలినను, కొట్టములో నిదురించినను ఈ 66,000 తప్పదు. దీనికి తోడు నడచిన ప్రతి గంటకు డీజిలు రెండున్నర లీటర్లు, సుమారు 250 రూపాయలు. నూనె, మరమ్మతు, నడుపువాని కూలి కలిసి 150. అనగా గంటకు 400.

ఏటికి 200 గంటలు నడచినచో 66,000లో గంట పాలు 330. అప్పుడు గంట ఖర్చు 730. అదే 600 గంటలు నడచినచో పాలు 110 మాత్రమే. గంట ఖర్చు 510. యంత్రము ఒకటే, ఇంధనము ఒకటే. మారినది పని మాత్రమే.

ఇక బాడుగతో పోల్చి చూడవలెను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. గంటను గంటతో పోల్చరాదు, ఎకరమును ఎకరముతో పోల్చవలెను. మా ఊర పెద్ద ట్రాక్టరు ఆరడుగుల రోటవేటరుతో ఎకరమును గంటలో దున్నును, బాడుగ 1,300. మా చిన్నదానికి మూడడుగుల రోటవేటరే తగును. ఎకరమునకు రెండు గంటలు పట్టును. 200 గంటల లెక్కన మాకు ఎకరమునకు 1,460 రూపాయలు పడును. బాడుగకంటె 160 నష్టము. 600 గంటల లెక్కన 1,020; అనగా 280 లాభము. లాభనష్టములు సమమగు చోటు ఏటికి 264 గంటలు. ఈ సంఖ్యయే మొత్తము విచారణకు కీలకము.

మరి మా ఆరెకరములలో పని ఎంత? వేరుసెనగకు ఏటికి నాలుగు సాళ్లు, రెండెకరములకు 16 గంటలు. చీనీ తోటలో ఆరు మారులు పైపైన దున్నుటకు 48 గంటలు. మందు కొట్టుట, ఎరువు తోలుట, కాయలు చేరవేయుట కలిసి 60 గంటలు. మొత్తము 124. సమస్థానమునకు సగము కూడ కాదు. మొదటి సంవత్సరము మా పుస్తకములోని అంకె దాదాపు ఇంతే. కనుక మన పొలము కొరకే చిన్న ట్రాక్టరును కొనుట, నాకు తెలిసినంతలో, ఆరెకరముల రైతునకు లెక్కకు నిలువదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. చీనీ తోటలో చెట్ల నడుమ ఇరువది అడుగుల ఎడమున్నను కొమ్మలు క్రిందికి వాలి యుండును. పెద్ద ట్రాక్టరు దూరిన కొమ్మలు విరుగును, కాయ రాలును, నేల గట్టిపడును. చీనీ చెట్టు తిండి తెచ్చు వేళ్లు పైపైననే ఉండును గనుక లోతుగా దున్నుట కూడ హాని. నాలుగడుగుల లోపు వెడల్పు గల తేలిక యంత్రమే అక్కడికి సరియైనది. ఈ పనికి మా ఊర పెద్ద ట్రాక్టర్లతో పోటీ లేదు. తమ్ముడు రెండవ ఏట ఇరుగుపొరుగు తోటలలో దున్నకమునకు, మందు కొట్టుటకు ఒప్పుకొనెను. మీటరు ఆ ఏడు 270 దాటినది, మూడవ ఏట 340 దాటినది. ట్రాక్టరు తన కాళ్లపై తాను నిలిచినది. కాబట్టి కొనుటకు ముందు వేయవలసిన ప్రశ్న "ధర ఎంత" అన్నది కాదు. "పెద్దది చేయలేని పని మా చుట్టుప్రక్కల ఎన్ని గంటలున్నది" అన్నది.

లెక్కకు అందని లాభము ఒకటి కలదు. అది పదును. మా సీమలో వాన కురిసిన రెండు మూడు దినములలో విత్తనము నేలలో పడవలెను. ఆ దినములలో ఊరందరికి ఒకే ట్రాక్టరు కావలెను. బాడుగవాడు పెద్ద రైతు పొలము ముగించి మన గట్టునకు వచ్చుసరికి నేల ఆరిపోవును. సొంత యంత్రమున్నవాడు ఆ ఉదయమే దిగును. దీనికి వెల కట్టుట కష్టము. కాని దీని పేరు చెప్పి 264 గంటల లెక్కను మరచుటయు తగదు. ఏటికి ఆ మూడు దినముల కొరకు 66,000 చెల్లించుట చాల ప్రియమైన పదును.

లెక్కకు అందని నష్టమును కూడ చెప్పవలెను. రెండవ ఏట మందు కొట్టు అదనున హైడ్రాలిక్ సీలు పోయి నూనె కారినది. చిన్న వస్తువే. అమ్మిన దుకాణము వారు అది తెప్పించుటకు పదునొకండు దినములు తీసికొనిరి. అందుచేత విడిభాగములు ఎంత దూరమున దొరకును, మిస్త్రీ ఎన్ని గంటలలో వచ్చును అని అదే నమూనా వాడుచున్న ఇద్దరు రైతులను అడిగి తెలిసికొనవలెను. అట్లే యంత్రమును మన నేలపై, మన పనిముట్టుతో ఒక పూట నడిపించి చూడవలెను. తారు రోడ్డుపై ఏ ట్రాక్టరైనను చక్కగానే పోవును.

పన్నులు, రాయితీలను గూర్చి ఒక మాట. ట్రాక్టరుపై 12 శాతమున్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతమునకు తగ్గినది. సంతోషమే. పన్నుకు ముందు వెల నాలుగు లక్షలైనచో 28,000 మిగులును. దానిని పది సంవత్సరములకు, ఏటికి 264 గంటలకు పంచిన గంటకు పదునొకండు రూపాయలు. పని లేని యంత్రమును ఆ పదునొకండు రూపాయలు రక్షింపజాలవు. 2014–15లో ఆరంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకము క్రింద యంత్రములను బాడుగ కిచ్చు కేంద్రములకు సహాయము లభించినది. గంటలు చాలని రైతునకు అట్టి కేంద్రమో, నలుగురు కలిసి కొను ఏర్పాటో మంచి మార్గము.

మన ఉద్యోగులకు ప్రత్యేకముగా ఒక హెచ్చరిక. 1964 నాటి ప్రవర్తన నియమావళి 18వ నియమము ప్రకారము, రెండు నెలల మూలవేతనమునకు మించిన చరాస్తిని మన పేర కొన్నచో నెలలోపల తెలియజేయవలెను. ఆ నియమమున వాహనముల వరుసలో గుర్రములు కూడ ఉన్నవి. ఇరువది గుర్రముల శక్తి గల ట్రాక్టరు తప్పించుకొనునని భ్రమపడకుడు! అనుమతి లేక వ్యాపారము చేయరాదను 15వ నియమము వేరుగా ఉన్నది. సేద్యము చేయువాని పేరనే యంత్రము నుంచుట ఉభయులకు క్షేమము.

సోదరులారా! ఊరినుండి టెలిఫోను వచ్చినప్పుడు మన తమ్మునికి వెంటనే డబ్బు పంపుటకంటె, ఒక నోటుపుస్తకము పంపుట ముందు చేయదగిన పని. గడచిన సంవత్సరము బాడుగకు ఎన్ని గంటల పని చేయించితిరి, ఇరుగుపొరుగున ఎన్ని గంటల పని దొరకును అని వ్రాయుమనవలెను. ఆ మొత్తము సమస్థానమును దాటినచో సంతోషముగా పంపవలెను. దాటనిచో ఆ ధనమును బోరుబావికో, బిందు సేద్యమునకో, పిల్లల చదువునకో వినియోగింపుమని ప్రేమతో చెప్పవలెను. కాదనుట కూడ ఒక్కొక్కప్పుడు సహాయమే. మన తల్లిదండ్రులు కాడెద్దులను కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, మన చేతిమేపునకు నిలుచునా అని ఆలోచించి కొనిరి. ఇనుప ఎద్దు విషయమునను ఆ వివేకమే మనకు కావలసినది.