పాత యంత్రము నుండి కొత్త యంత్రమునకు



శ్రీహరికోట పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ద్వీపము. 1971 అక్టోబరు 9న ఇచ్చటినుండి తొలి పరిశోధక రాకెట్టు ఎగసెను. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఇట్టి తావున గ్రంథాలయ రజతోత్సవ వేళ కంప్యూటరును గూర్చి ముచ్చటించుట అసందర్భము కానేరదు.

ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు నేడు లోకమంతట వ్యాపించినది. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును. న్యూజిలాండులో పుట్టిన కోహా యను గ్రంథాలయ సాధనము దానిమీదనే నడచుచున్నది. ఒక గ్రంథాలయము అట్టి కంప్యూటరులో పుస్తకముల పట్టికను, సభ్యుల లెక్కలను, తెలుగు అక్షరముల అమరికను ఏండ్ల తరబడి కూర్చుకొనినదనుకొందురుగాక. యంత్రము ముసలిదైనప్పుడు ఆ శ్రమయంతయు ఏమి కావలెను?

మార్గములు రెండు. డిస్కును ఉన్నదున్నట్లు నకలు తీయుట మొదటిది. ఇది సులువు, కాని కొత్త డిస్కును నడపు డ్రైవరు ఆరంభ దశలో లేకున్నచో యంత్రము మేల్కొనదు. నెట్‌వర్కు కార్డు పేరు మారినచో పాత అమరిక పనిచేయదు. ఇంటెల్ ప్రాసెసరుకై కూర్చిన ప్రోగ్రాములు ఏఆర్‌ఎమ్ ప్రాసెసరుపై నేరుగా నడువవు. కొత్త యంత్రమున లినక్సును మరల స్థాపించి, సొంత ఫైళ్లను, డేటాబేసు నకలును, ప్రోగ్రాముల జాబితాను, అవసరమగు అమరికలను మాత్రమే తెచ్చుట రెండవది. ఇందు శ్రమ హెచ్చు, అపాయము తక్కువ. అయినను డిస్కుల గుర్తింపు సంఖ్యలున్న పట్టికను పాతదానినుండి తేరాదు. అది కొత్త యంత్రమున లేని డిస్కును వెదకును.

యథాతథముగా తెచ్చుటలోని ప్రమాదమునకు రాకెట్టు చరిత్రయే సాక్షి. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ఏరియాన్-5 తొలిసారి లేచెను. ఏరియాన్-4లో చక్కగా పనిచేసిన దిశానిర్దేశక ప్రోగ్రామునే అందు వాడిరి. కొత్త రాకెట్టు అడ్డువేగము అధికము. దానికి సంబంధించిన 64 బిట్ల విలువ 16 బిట్ల స్థానమున ఇమడలేదు. అదే ప్రోగ్రామును మోయుచున్న సహాయక యంత్రమును ఆగిపోయెను. సుమారు 40 సెకన్లలో రాకెట్టు నాశనమయ్యెను. ప్రోగ్రాము మారలేదు, పరిసరము మారినది.

కావున పని మొదలిడుటకు ముందే నకలు తీసి, దానిని వేరొక యంత్రమున తెరచి చూడవలెను. చేసిన ప్రతి మార్పును కాగితముపై వ్రాయవలెను. కొత్త పట్టికలోని పుస్తకముల సంఖ్య పాతదానితో సరిపోలినదా యని చూడవలెను. అంతవరకు పాత యంత్రమును తుడిచివేయరాదు.

పుస్తకము చినిగినచో అట్ట మార్చి కాపాడుట గ్రంథపాలకుని ధర్మము. యంత్రము మారినను అందలి జ్ఞానము చెడకుండ రాబోవు తరమునకు అందించుటయు ఆ ధర్మమే.