పుట్టుమచ్చ చూసి పురుగును పోల్చుకోవడం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పుట్టుమచ్చలు రాయడం నాకు అలవాటైన పని. రిటైరయ్యాక పొలంలో ఆ పని మరచిపోయి నష్టపోయాను. అదే ఈరోజు మనవి చేస్తాను.

మా ఊళ్ళో రెండెకరాల వరి ఉంది. ఒక ఏడు సార్వాలో వీధి దీపం చుట్టూ పసుపుపచ్చని చిన్న పురుగులు మూగాయి. "సీతాకోకచిలుకలా తాతయ్యా?" అంది మనవరాలు. "అవునమ్మా" అనేశాను. కొన్నాళ్ళకు చేలో తెల్లకంకులు తేలాయి. పరుగున మందు తెచ్చాను. వ్యవసాయాధికారి ఒక కంకి లాగితే ఇట్టే ఊడి వచ్చింది. "ఇప్పుడు కొట్టి లాభం లేదండీ, పురుగు కాండంలో ఉంది" అన్నారు. ఆ ఏడు ఎకరాకు ఆరు బస్తాలు తగ్గాయి.

తరువాత భూతద్దం పట్టుకుని నేర్చుకున్నాను. మొదట మీసాలు చూడాలి. సీతాకోకచిలుక మీసం కొస గుండుసూది తలలా ఉంటుంది. రెక్కల పురుగుది దారంలాగానో, ఈకలాగానో ఉంటుంది. వాలినప్పుడు సీతాకోకచిలుక రెక్కలను వీపుమీద నిలబెట్టి మూస్తుంది. రెక్కల పురుగు ఇంటికప్పులా పరుస్తుంది. దీని ఒళ్ళు లావు, నూగు ఎక్కువ. వీటికి మినహాయింపులున్నాయి గనుక ఒక్క గుర్తు చూసి సంతకం పెట్టరాదు. రెండు మూడు కలవాలి.

ఇక రెక్కల మచ్చలు. వరి కాండం తొలుచు పురుగులో ఆడదాని పసుపు ముందు రెక్కలమీద ఒక్కొక్క నల్లచుక్క, పొట్ట చివర నూగు కుచ్చు ఉంటాయి. గుడ్లను ఆ నూగుతో కప్పి ఆకు కొసల దగ్గర పెడుతుంది. నారు కొసలు తుంచి నాటమనేది అందుకే. పొగాకు లద్దెపురుగుకు గోధుమరంగు ముందు రెక్కమీద తెల్లని అడ్డగీతలు, వెనక రెక్క తెలుపు. శనగపచ్చ పురుగుకు వెనక రెక్క అంచున వెడల్పాటి నల్లపట్టీ. 2018లో మన దేశంలో మొదటిసారి కనిపించిన మొక్కజొన్న కత్తెర పురుగులో మగదానికి ముందు రెక్క కొసన తెల్లమచ్చ. ఆడదానికి అది ఉండదు. అప్పుడు లద్దెను చూడాలి: తలమీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు.

లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర కూడా ఒక్కో పురుగుకు ఒక్కోటి. పేరు తప్పితే బుట్ట ఖాళీయే.

మరుసటేడు కొసలు తుంచి నాటించాను. ఇప్పుడు దీపం దగ్గర పురుగు వాలితే మనవరాలే ముందుగా చుక్క ఉందో లేదో చూస్తుంది. పిల్లలు అడిగినప్పుడు తెలియకపోతే నాలాగా "అవునమ్మా" అనకండి. "పట్టుకురా, చూద్దాం" అనండి.